‘కైనేజ్‌ను ఆపే మాత్ర’ వేసుకుంటే ముఖం మీద పొక్కులు ఎందుకు వస్తాయి? చర్మకణం ఎదుగుదలలో కైనేజ్‌ల పని గురించి

ఆదోని అయ్యవారు

అందరికీ నమస్కారం. నేను ఆదోనిలో ఇంటర్మీడియట్ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. మా పెద్దనాయన గారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నట్లు నాలుగు నెలల కిందట తేలింది. కణితి ముక్కను పరీక్షకు పంపి, అందులో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉందని నిర్ధారించుకున్న తర్వాత రోజుకొక ఎర్లోటినిబ్ మాత్ర మొదలుపెట్టారు. దగ్గు తగ్గింది, ఆయాసం తగ్గింది, నాలుగు ముద్దలు అన్నం సయిస్తున్నది. అయితే పది రోజులు తిరిగేసరికి ముక్కు మీద, బుగ్గల మీద, నుదుటి మీద, ఛాతీ పైభాగంలో ఎర్రటి పొక్కులు లేచాయి. కొన్నింటి కొనల్లో చీము కూడా చేరింది. అరవై ఎనిమిదేళ్ల మనిషికి పదహారేళ్ల కుర్రవాడి ముఖం వచ్చిందేమిటని అందరూ ఆశ్చర్యపోతుంటే, మా పెద్దమ్మ మాత్రం అమ్మవారు పోసిందనుకొని గుమ్మానికి వేపమండలు కట్టేసింది.

మేము చూపించుకునే చోట అడిగితే, ‘ఈ మందు కైనేజ్‌ను ఆపుతుంది, చర్మంలో కూడా ఆ కైనేజ్ ఉంటుంది, అందుకే పొక్కులు’ అని ఒక్క వాక్యం చెప్పి తర్వాతి రోగిని పిలిచారు. ఆ వాక్యం నన్ను వదలడం లేదు. నాకు తెలిసిన కైనేజ్ అంటే గ్లైకాలిసిస్ పాఠంలో వచ్చే హెక్సోకైనేజ్. గ్లూకోజ్‌కు ఒక ఫాస్ఫేట్‌ను అతికించి పక్కకు తప్పుకుంటుంది. అలాంటి ఎంజైమ్ ఒక చర్మకణం ఎప్పుడు విభజన చెందాలో, ఎప్పుడు ముదరాలో ఎలా నిర్ణయిస్తుంది? అది పెరుగుదలకు సంబంధించినదే అయితే, ఆపినప్పుడు చర్మం పలచబడాలి కానీ పొక్కులు లేవడమెందుకు? మందు ఆపిన తర్వాత చర్మం మామూలుగా అవుతుందా? తెలిసినవారు కొంచెం వివరంగా చెబితే, ఇంట్లోవాళ్లకూ నా తరగతికీ కూడా చెప్పుకుంటాను.

పెన్న ఒడ్డు (కడప)

అయ్యవారికి నమస్కారం. నేను అనంతపురంలో జీవరసాయనశాస్త్రం చదివి, ఇప్పుడు కడపలో డిగ్రీ విద్యార్థులకు అదే బోధిస్తున్నాను. మందుల సంగతి వైద్యులు చెప్పాలి. కైనేజ్‌ల సంగతి నేను రాస్తాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

చిక్కంతా పేరు దగ్గరే ఉంది. హెక్సోకైనేజ్ ఫాస్ఫేట్‌ను చక్కెరకు అతికిస్తుంది, ప్రొటీన్ కైనేజ్ మరొక ప్రొటీన్‌కు అతికిస్తుంది. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం నుంచి తీసుకున్న ఫాస్ఫేట్‌ను తన ఎదుట ఉన్న ప్రొటీన్‌లోని సెరీన్, థ్రియోనీన్, టైరోసీన్ అనే అమైనో ఆమ్లాలలో ఏదో ఒకదాని మీద కూర్చోబెడుతుంది. ఫాస్ఫేట్‌కు రుణావేశం ఎక్కువ కాబట్టి, అది వచ్చి కూర్చోగానే ఆ ప్రొటీన్ మడతలు సర్దుకుంటాయి. దాంతో పడుకున్న ఎంజైమ్ లేస్తుంది, లేచి ఉన్నది పడుకుంటుంది, లేదా కణద్రవ్యంలో తిరుగుతున్న ప్రొటీన్ కేంద్రకంలోకి పోతుంది. ఈ ఫాస్ఫేట్‌ను ఊడదీయడానికి ఫాస్ఫటేజ్‌లు వేరే ఉన్నాయి. కండరంలో గ్లైకోజన్‌ను విడగొట్టే ఎంజైమ్ ఇలా ఫాస్ఫేట్ తగిలితేనే పనిలోకి దిగుతుందని 1955లో ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ చూపించారు. వారికి 1992లో నోబెల్ బహుమతి వచ్చింది. మనిషి జన్యువులన్నిటినీ వెదికి, ప్రొటీన్ కైనేజ్‌లు 518 అని 2002లో లెక్క తేల్చారు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. కైనేజ్ వాడుకునే ఆ ఏటీపీని తొలిసారి గుర్తించినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఉన్నారు. తోటి శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి 1925లో ఆయన రూపొందించిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతితోనే మా విద్యార్థులు ఇప్పటికీ పరీక్షనాళికలో నీలిరంగు తెప్పిస్తారు. ఆ రంగు వెనుక ఉన్న మనిషి ఎవరో చాలామందికి తెలియదు.

ఇక చర్మం. పైన ఉండే బాహ్యచర్మం అరచేతులు, అరికాళ్లు తప్ప చాలా చోట్ల 0.1 మిల్లీమీటరు మందం కూడా దాటదు. అందులో తొంభై శాతానికి దగ్గరగా ఉండేవి కెరాటినోసైట్ అనే కణాలు. అడుగు వరుసలోని కణాలు తమ కింద పరుచుకున్న ఆధార త్వచం అనే పలచని పొరను పట్టుకొని ఉంటాయి. మామూలు చర్మంలో విభజన ప్రధానంగా ఆ వరుసలోనే జరుగుతుంది. పట్టు వదిలి పైకి జరిగిన కణం విభజన మానేసి, తన సరంజామా అంతా మార్చుకుంటుంది. అడుగున ఉన్నప్పుడు కెరాటిన్ అనే నారలాంటి ప్రొటీన్‌లో 5, 14 రకాలను తయారుచేసేది, పైకి రాగానే కెరాటిన్ 1, 10 మొదలుపెడుతుంది. ఇంకా పైన ఇన్‌వొలుక్రిన్, లోరిక్రిన్, ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్‌లు చేసుకుంటుంది. ట్రాన్స్‌గ్లుటమినేజ్ అనే ఎంజైమ్ వాటిని గోనెసంచి కుట్టినట్లు కణపు అంచు వెంట కలిపి కుట్టేస్తుంది. చివరికి కేంద్రకాన్ని కూడా పోగొట్టుకొని, పలకలాగా చదునై, రాలిపోతుంది. ఈ ప్రయాణానికి రమారమి నాలుగు వారాలు పడుతుంది. తలంటి పోసుకున్న రోజు ఒళ్లు రుద్దితే ఉండలు కట్టి రాలే మట్టిలో ఎక్కువ భాగం ఈ చనిపోయిన కణాలే. విభజన మాని ఇలా ప్రత్యేక రూపం తెచ్చుకోవడాన్నే మన పాఠ్యపుస్తకాలు విభేదనం అంటాయి; నేను పరిణతి అంటాను, చదవడానికి తేలిక.

కైనేజ్‌లు ఈ ప్రయాణాన్ని నడిపే తీరును మా పిల్లలకు కె.సి. కాలువను చూపించి చెబుతాను. సుంకేసుల దగ్గర వదిలిన నీరు కడప దాకా రావాలంటే ప్రధాన కాలువ, పిల్ల కాలువ, తూము, పంట కాలువ అని ఎన్ని అంచెలున్నాయో, ప్రతి అంచెలోనూ షట్టరు ఎత్తడానికి ఒక లస్కరు ఎలా ఉంటాడో, కణంలోనూ అలాగే ఒక కైనేజ్ ఇంకొక కైనేజ్‌ను లేపుతుంది. మీ పెద్దనాయన గారి మందు ఆపే ఈజీఎఫ్ఆర్ ఈ కాలువకు మొట్టమొదటి షట్టరు. అది కణపు పొరలో గుచ్చుకొని ఉన్న గ్రాహకం; దాని లోపలి సగమే కైనేజ్. బయటి నుంచి ఈజీఎఫ్ గానీ టీజీఎఫ్-ఆల్ఫా గానీ (రెండూ పెరుగుదలను ప్రేరేపించే ప్రొటీన్‌లే) వచ్చి తగలగానే, రెండు గ్రాహకాలు జత కట్టి ఒకదాని తోకలోని టైరోసీన్‌లకు మరొకటి ఫాస్ఫేట్ తగిలించుకుంటాయి. అక్కడి నుంచి రాస్ అనే ప్రొటీన్, దాని ద్వారా రాఫ్, మెక్, ఎర్క్ అనే మూడు కైనేజ్‌లు వరుసగా లేస్తాయి. ఎర్క్ కేంద్రకంలోకి వెళ్లి విభజనకు కావలసిన జన్యువులను తెరిపిస్తుంది. మీ ప్రశ్నకు అసలు కీలకం ఆ తర్వాతి మాటలో ఉంది: అడుగు వరుసలో ఈ సంకేతం విభజించమని చెప్పడమే కాదు, ఇంకా ముదరవద్దని కూడా చెబుతుంది. కాబట్టి దాన్ని ఆపితే విభజన తగ్గడంతో సరిపోదు, కణం కాలం కాకముందే పరిణతిలోకి దిగుతుంది.

ఈజీఎఫ్‌ను కనుగొన్న తీరు కూడా చర్మంతోనే ముడిపడి ఉంది. స్టాన్లీ కోహెన్ మగ ఎలుకల లాలాజల గ్రంథి రసాన్ని అప్పుడే పుట్టిన చిట్టెలుక పిల్లలకు ఎక్కిస్తే, మామూలుగా రెండు వారాలకు తెరుచుకోవలసిన కళ్లు ఒక వారానికే తెరుచుకున్నాయి. కనురెప్పల చర్మం ముందుగా పెరిగి, ముందుగా గట్టిపడి విడిపోయిందన్నమాట. ఆ రసంలోని పదార్థాన్ని ఆయన 1962లో వేరుచేశారు; 1986లో రీటా లెవి-మోంటాల్చినీతో కలిసి నోబెల్ అందుకున్నారు.

విభజన మాని పైకి వెళ్లే కణాన్ని నడిపించే కైనేజ్‌లు వేరు. బాహ్యచర్మంలో కాల్షియం అడుగున తక్కువగా, పైకి పోయేకొద్దీ ఎక్కువగా ఉంటుంది. పైభాగాన ఉండే రేణువుల పొర దగ్గర అది పతాకస్థాయిలో ఉంటుంది. కాల్షియం పెరిగితే కణపు పొరలో డైఎసైల్‌గ్లిసరాల్ అనే కొవ్వు పదార్థం విడుదలై, ప్రొటీన్ కైనేజ్ సి కుటుంబాన్ని లేపుతుంది. ఈ కుటుంబాన్ని 1977లో జపాన్‌లో యసుతోమి నిషిజుకా బృందం బయటపెట్టింది. చర్మంలో దాని సభ్యులు ఆల్ఫా, డెల్టా, ఎప్సిలాన్, ఈటా, జీటా అని ఐదుగురు. అందులో ఈటా ముఖ్యంగా పై పొరల్లో ఉంటూ, పరిణతి వైపు గట్టిగా నెడుతుంది. వీటి నుంచి సంకేతం పీ38 డెల్టా అనే మరో కైనేజ్ దాకా పోయి, ఇన్‌వొలుక్రిన్ జన్యువును తెరిపిస్తుంది. కింద ఎర్క్, పైన పీ38. రెండూ ఒకే వంశపు కైనేజ్‌లు, పనులు మాత్రం వేర్వేరు.

గుత్తి కోట (అనంతపురం జిల్లా)

చాలా చక్కగా రాశారు. నాకు ఈ శాస్త్రంలో లోతు లేదు, ఒక చిన్న సందేహం. ప్రొటీన్ కైనేజ్ సి గురించి ఎక్కడో చదివినప్పుడు నేపాళం గింజల ప్రస్తావన వచ్చింది. మా తాత నాటువైద్యం చేసేవాడు. విరేచనానికి ఆ గింజను శుద్ధి చేసి వాడేవాడు. దాని నూనె చేతికి అంటితే బొబ్బలు లేస్తాయని మమ్మల్ని ఆ రోలు దగ్గరికి కూడా రానిచ్చేవాడు కాదు. దానికీ చర్మకణాలకూ సంబంధం ఏమిటి? అలాగే అయ్యవారి పెద్దనాయన గారికి పసుపు, వేపాకు నూరి పట్టించవచ్చునా? మా దగ్గర పొక్కులంటే అందరూ అదే చేస్తారు.

పెన్న ఒడ్డు (కడప)

మీ తాత గారి జాగ్రత్త నూటికి నూరు పాళ్లు సరైనది. నేపాళం నూనెలో ఫార్బాల్ ఎస్టర్ అనే పదార్థం ఉంది. అది డైఎసైల్‌గ్లిసరాల్ వేషం వేసుకొని ప్రొటీన్ కైనేజ్ సి గూట్లో కూర్చుంటుంది. అసలుది క్షణాల్లో కరిగిపోతే, ఇది గంటల తరబడి కదలదు. ఎలుకల చర్మానికి ముందు క్యాన్సర్ కారకాన్ని ఒకసారి రాసి, తర్వాత ఈ నూనెను పదేపదే రాస్తే కణుతులు లేస్తాయని 1940ల నుంచే తెలుసు. ఈ పదార్థం లేపేది ప్రొటీన్ కైనేజ్ సినే అని 1982లో నిషిజుకా బృందం చూపించడంతో ఆ పాత చిక్కు వీడింది. నాకు ఇందులో అన్నిటికంటే వింతగా తోచేది ఒకటుంది: ఈ పదార్థం తగిలినప్పుడు ఒకే పళ్లెంలోని చర్మకణాల్లో కొన్ని పరిణతి చెంది ఆగిపోతాయి, మరికొన్ని విభజన అందుకుంటాయి. షట్టరు ఒకటే, ఏ పొలానికి నీరు పారుతుందన్నది ఆ కణం అప్పటికి ఏ దశలో ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది.

పసుపు గురించి. పసుపులోని కర్క్యుమిన్ పరీక్షనాళికలో అనేక కైనేజ్‌లను అడ్డుకున్నట్లు కనిపిస్తుంది. అది నిలకడ లేని పదార్థం, శరీరానికి ఎక్కడం బహు తక్కువ, పైగా పరీక్షల్లోనే తప్పుడు ఫలితాలు చూపిస్తుందన్న విమర్శ గట్టిగా ఉంది. పట్టించవచ్చునా లేదా అన్నది డాక్టరు గారు చెప్పాలి. నాకు మాత్రం ఆ పొక్కుల మీద వేపాకు గరుకు రాపిడి చేయడం ఇష్టం లేదు.

కర్నూలు చర్మవైద్యురాలు

అయ్యవారికి నమస్కారం. పెద్దనాయన గారిని చూడకుండా ఆయన చికిత్స గురించి చెప్పలేను. మీరు వర్ణించిన పొక్కులు మాత్రం ఈ జాతి మందులతో మేము తరచుగా చూసేవే. వేసుకునేవారిలో సగానికి మించి ఏదో ఒక స్థాయిలో వస్తాయి, అదీ మొదటి రెండు వారాల్లోనే. చూపుకు మొటిమల్లా ఉన్నా ఇవి మొటిమలు కావు. మొటిమల్లో నూనె గడ్డకట్టి, రంధ్రం మూసుకొని, నల్లటి తలలు కనిపిస్తాయి. వీటిలో ఆ నల్లతలలు ఉండవు. భూతద్దం పట్టి చూస్తే ప్రతి పొక్కు మధ్యలో ఒక వెంట్రుక కుదురు కనిపిస్తుంది, చుట్టూ ఎర్రటి వలయం ఉంటుంది. ఈజీఎఫ్ఆర్ బాహ్యచర్మపు అడుగు వరుసలోనూ, వెంట్రుక కుదురు బయటి తొడుగులోనూ దండిగా ఉండటమే అందుకు కారణం. ముఖం, ఛాతీ, వీపు పైభాగంలో అలాంటి కుదుళ్లు ఎక్కువ.

‘పలచబడాలి కానీ పొక్కులెందుకు’ అని మీరు అడిగారు. పలచబడటం కూడా జరుగుతుంది. కొన్ని నెలలకు చర్మం ఎండిపోయి, మడమలు, వేళ్ల కొనలు పగులుతాయి, గోటి పక్క వాస్తుంది. పొక్కులు అంతకు ముందే రావడానికి కారణం ఇది. అదనుకు ముందే కోసిన కాయను మాగబెట్టినట్లు, విభజన ఆగి తొందరపాటుగా ముదురుతున్న కెరాటినోసైట్ నిశ్శబ్దంగా ఉండదు. కీమోకైన్‌లు అనే సంకేత పదార్థాలను చుట్టూ విడుదల చేస్తుంది. వాటి వాసన పట్టి రక్తంలోని తెల్లకణాలు కుదురు చుట్టూ గుమిగూడతాయి. ఆ చీము తొలి రోజుల్లో చాలావరకు సూక్ష్మజీవులు లేని చీమే. పై పొర బలహీనపడింది కాబట్టి ఆ తర్వాత సూక్ష్మజీవులు చేరే ప్రమాదం ఉంటుంది. డాక్సీసైక్లిన్ లాంటి మందును మేము రాయడానికి, అది సూక్ష్మజీవులను చంపడం కంటే వాపును తగ్గించడమే ముఖ్య కారణం.

పొక్కులు చూసి భయపడి మాత్రను ఇంట్లోవాళ్లే ఆపేయడం ఒక్కటి మాత్రం జరగకూడదు. ఎర్లోటినిబ్ మీద జరిగిన అనేక అధ్యయనాల్లో పొక్కులు వచ్చినవారిలో మందు ఫలితం మెరుగ్గా కనిపించింది; రానంత మాత్రాన పనిచేయడం లేదని అర్థం కాదు. తీవ్రత ఎక్కువైతే మోతాదు తగ్గించాలా, కొద్ది రోజులు నిలపాలా అన్నది క్యాన్సర్ వైద్యుల నిర్ణయం. మందుల దుకాణంలో మొటిమల క్రీము అడిగి తెచ్చి రాయకండి. అవి ఎండిన చర్మాన్ని మరింత ఎండబెడతాయి. స్టీరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపిన ట్యూబులు మా ఊళ్లో పాన్‌పరాగ్‌లాగా దొరుకుతాయి, వాటి జోలికి అసలే పోవద్దు. వాసన లేని తేమ క్రీము రోజుకు రెండుసార్లు, గోరువెచ్చని నీటితో స్నానం, బయటికి వెళితే టోపీ లేదా తలగుడ్డ, ఎండకు అడ్డుపడే క్రీము. కర్నూలు ఎండలో ఈ చివరి రెండూ తక్కువగా చూడదగ్గవి కావు, ఎండ తగిలితే పొక్కులు రెచ్చిపోతాయి. పసుపు, వేపాకు వద్దు. గుమ్మానికి కట్టిన వేపమండలతో మాత్రం నాకు ఏ తగాదా లేదు.

చర్మం తిరిగి మామూలవుతుందా అంటే, అవుతుంది. మందు అడుగు వరుసలోని మూలకణాలను చంపదు, వాటికి అందే సంకేతాన్ని మాత్రమే అడ్డుకుంటుంది. మందు ఆగిన కొన్ని వారాలకు పొక్కులు సాధారణంగా తగ్గిపోతాయి, కొంతకాలం నల్లటి మచ్చలు మిగలవచ్చు. మందు సాగుతుండగానే కూడా చాలామందిలో రెండు మూడు నెలలకు పొక్కుల జోరు తగ్గుతుంది. ఇదే సంకేతాన్ని మేము రెండో వైపు నుంచి కూడా వాడుకుంటాం: చక్కెరవ్యాధి ఉన్నవారి కాలిపుండ్లు మానడానికి ఈజీఎఫ్ కలిపిన జెల్ రాస్తాం. ఒక రోగికి గ్రాహకాన్ని మూస్తున్నాం, ఇంకొక రోగికి దాన్నే తట్టి లేపుతున్నాం.

చిత్రావతి (అనంతపురం)

నేను కొన్నేళ్లు బెంగుళూరులో ఒక ప్రయోగశాలలో కెరాటినోసైట్‌లను పళ్లెంలో పెంచాను. పెన్న ఒడ్డు గారు రాసినదాంట్లో ఒక పోలిక గురించి, ఒక వదిలేసిన విషయం గురించి చెప్పాలనిపించింది.

కాలువ పోలిక వినడానికి బాగుంది, అయితే ఒక చోట అది తప్పుదారి పట్టిస్తుంది. కాలువలో నీరు కింది అంచెకు పోయేకొద్దీ తరుగుతుంది. చివరి ఆయకట్టు రైతుకు మిగిలేది ఎంతో కడప జిల్లావారికి నేను చెప్పనక్కరలేదు. కణంలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. ఒక రాఫ్ అనేక మెక్‌లను లేపుతుంది, అవి ఇంకా ఎక్కువ ఎర్క్‌లను లేపుతాయి, సంకేతం పోతూ పోతూ పెరుగుతుంది. అందుకే ఫాస్ఫటేజ్‌లు అంత ముఖ్యం. అవి లేకపోతే చిన్న చినుకుకే గండి పడుతుంది.

కాల్షియం పని ఎంత వేగంగా ఉంటుందో చూస్తేగానీ నమ్మకం కలగదు. లీటరుకు 0.05 మిల్లీమోల్ కాల్షియం ఉన్న ద్రవంలో ఎలుక చర్మకణాలు దేనికది ఎడంగా, అంచులు మెరుస్తూ ఉంటాయి. చూడటానికి ఆరబోసిన వేరుశనగ కాయల్లా ఉంటాయి. సాయంత్రం ఆరు గంటలకు కాల్షియాన్ని 1 మిల్లీమోల్ దాటించి ఇంటికి పోయి, మర్నాడు పొద్దున వచ్చి చూస్తే, అదే పళ్లెంలో కణాలు ఒకదాని అంచుకు ఒకటి ఆనుకొని, మన ఇళ్లలో పరిచిన కడప బండల్లాగా సందు లేకుండా అతుక్కొని ఉంటాయి. ఒకటి రెండు రోజుల్లో కెరాటిన్ 1 మొదలవుతుంది. ఈ మార్పిడిని 1980లో హెన్నింగ్స్, యుస్పా బృందం వర్ణించింది. మొదటిసారి చూసినప్పుడు పళ్లెం మారిపోయిందేమోనని మూత మీది పేరు మళ్లీ చదువుకున్నాను.

ఇక వదిలేసిన విషయం. కైనేజ్ అంటే ఫాస్ఫేట్ అతికించేది అని అందరం నిర్వచనం చెప్పుకుంటాం కదా, చర్మం దగ్గర ఆ నిర్వచనమే బోల్తా పడింది. ఐకేకే-ఆల్ఫా అనే కైనేజ్ ఉంది. అది వాపును నడిపే ఎన్‌ఎఫ్-కప్పాబీ దారిలో పనిచేస్తుందని పేరు. 1999లో మూడు బృందాలు విడివిడిగా ఈ జన్యువు లేని ఎలుకలను పుట్టించాయి. వాపు సంగతి అటుంచి, పుట్టిన పిల్లలకు చర్మం బిగుసుకుపోయి మెరుస్తూ, కాళ్లు, తోక బయటికి పొడుచుకు రాకుండా లోపలే అణిగిపోయి ఉన్నాయి. పుట్టిన కొద్ది గంటల్లోనే చనిపోయాయి. బాహ్యచర్మం మందంగా పెరిగింది కానీ ఏ కణమూ చివరి పరిణతికి చేరలేదు. ఫాస్ఫేట్ అతికించే శక్తి లేకుండా చేసిన ఐకేకే-ఆల్ఫాను ఆ కణాల్లో తిరిగి పెడితే ఏమవుతుందని 2001లో పరీక్షించారు. కణాలు మామూలుగా పరిణతి చెందాయి! అంటే చర్మంలో అది కైనేజ్‌గా పనిచేయడం లేదు. కేంద్రకంలోకి వెళ్లి జన్యువుల దగ్గర నిలబడటమే దాని పని. మనుషుల్లో ఈ జన్యువు దెబ్బతింటే గర్భంలోని శిశువు పట్టుగూడులో చుట్టినట్లు చర్మంలో చిక్కుకుపోతుందని 2010లో ఫిన్లాండు నుంచి వెలువడిన పరిశోధన తెలిపింది. దీనికి దగ్గరి రూపం ఆర్‌ఐపీకే4 అనే మరో కైనేజ్ లోపంలో కనిపిస్తుంది. అది లేని ఎలుక పిల్లలకు నోరు కూడా చర్మంతో మూసుకుపోయి ఉంటుంది. కానీ దీనికి మాత్రం ఫాస్ఫేట్ అతికించే శక్తి కావాలి. పైపైన ఒకేలా కనిపించే రెండు లోపాల వెనుక రెండు వేర్వేరు పద్ధతులు ఉన్నాయి. అందుకే ఏ కైనేజ్ గురించైనా, ఏ పొరలో, ఏ దశలో, ఎవరి పక్కన అని అడగకుండా ‘ఇది చర్మాన్ని పెంచుతుంది’ అని రాసే వ్యాసాలను నేను నమ్మను.

కైనేజ్‌ను ఆపే మందు చర్మాన్ని తలకిందులుగా నడిపించిన ఉదాహరణ కూడా ఉంది. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఉన్నవారిలో దాదాపు సగం మందికి, రాఫ్‌లలో ఒకటైన బీరాఫ్ కైనేజ్ చెడిపోయి ఉంటుంది. దాన్ని ఆపే వెమురాఫెనిబ్ 2011లో అమెరికాలో అనుమతి పొందింది. మెలనోమా కరిగింది, కానీ వేసుకున్నవారిలో ఐదోవంతు మందికి దగ్గరగా ఒంటి మీద మరో రకం చర్మపు కణుతులు లేచాయి. చెడిన బీరాఫ్ ఉన్న కణంలో మందు ఆపుతుంది. మామూలు బీరాఫ్ ఉన్న కెరాటినోసైట్‌లో, ముఖ్యంగా అప్పటికే రాస్ దెబ్బతిని ఉంటే, ఆ మందే రాఫ్‌లను జతకట్టించి ఎర్క్‌ను ఇంకా పైకి లేపుతుంది. దానితోపాటు మెక్‌ను ఆపే మందు కూడా ఇస్తే ఈ కణుతులు బాగా తగ్గాయి. కింది షట్టరు దించారన్నమాట. కాలువ పోలికను విమర్శించిన నేనే మళ్లీ అందులోకి దిగాను, పెన్న ఒడ్డు గారు మన్నించాలి.

పెన్న ఒడ్డు (కడప)

మన్నించడమేముంది, సవరణ సరైనదే. వచ్చే ఏడాది పాఠంలో ‘కిందికి పోయేకొద్దీ పెరిగే కాలువ’ అని చెబుతాను. అలాంటి కాలువ ఎక్కడుంది సార్ అని మైదుకూరు పిల్లలు అడగకుండా ఉండరు. ఐకేకే-ఆల్ఫా సంగతి పేరుకు తెలుసు కానీ, శక్తి తీసేసినా పనిచేస్తుందన్న వివరం మీరు రాశాకనే చదివాను.

ఆదోని అయ్యవారు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నాకు అర్థమైనది సరేనా చూడండి: ఈజీఎఫ్ఆర్ అడుగు వరుస కణానికి ‘విభజించు’, ‘ఇంకా ముదరకు’ అనే రెండు మాటలనూ ఒకేసారి చెబుతుంది, మందు ఆ రెండు మాటలనూ ఆపడంతో కణం అకాలంగా ముదిరి, తెల్లకణాలను పిలుచుకుంటుంది. కణితిలోని కణం ఆ సంకేతం మీదనే బతుకుతున్నది కాబట్టి చస్తుంది. చర్మకణానికి వేరే ఆధారాలు కూడా ఉన్నాయి కాబట్టి ఇబ్బంది పడుతుంది గానీ చావదు. నిన్న రాత్రి ఇదే మా పెద్దనాయనకు చెబితే, ‘అంటే నా ముఖం మీద కనిపిస్తున్నది మందు పనిచేస్తున్న గుర్తేనా’ అని అడిగి, అద్దం తెప్పించుకొని చూసుకున్నాడు.

అద్దంలో చూసుకుంటుంటే ఇంకొక సంగతి బయటపడింది. ఆయన కనురెప్పల వెంట్రుకలు మునుపటికంటే పొడుగై, కొనలు మెలితిరిగి ఉన్నాయి. ఎడమ కన్ను ఒకటే నీరు కారుతున్నది. ఇది కూడా ఈ మందు వల్లనేనా?

చిత్రావతి (అనంతపురం)

అయ్యవారూ, మీకు అర్థమైనది సరిగ్గానే ఉంది. రెప్పవెంట్రుకల సంగతి డాక్టరు గారు చెబుతారు. నేను ఎలుకల సంగతి చెబుతాను. మీసాలూ బొచ్చూ వంకీలు తిరిగిన ఒక జాతి చిట్టెలుకలు ఉన్నాయి. వాటిలో ఈజీఎఫ్ఆర్ కైనేజ్ భాగంలో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారి, దాని శక్తి బాగా తగ్గిపోయిందని 1994లో తేలింది. పెద్దనాయన గారికి మాత్ర చేస్తున్న పనిని వాటికి పుట్టుకే చేసింది.

కర్నూలు చర్మవైద్యురాలు

అవును, ఇదీ ఈ మందు వల్లనే. వెంట్రుక కుదురు పెరిగే దశ నుంచి విశ్రాంతి దశకు మారడానికి ఈజీఎఫ్ఆర్ సంకేతం కావాలి; అది అందకపోతే కుదురు దారి తప్పుతుంది, రెప్పల వెంట్రుకలు ఆగకుండా పెరుగుతాయి, తల వెంట్రుకలు మాత్రం పలచబడి ఉంగరాలు తిరుగుతాయి. సాధారణంగా దీనికి చికిత్స అవసరం లేదు. కానీ ఎడమ కన్ను నీరు కారుతున్నదన్నారు కాబట్టి, వెంట్రుక లోపలికి తిరిగి నల్లగుడ్డును గీకుతున్నదేమో ఈ వారంలోనే కంటి వైద్యుడికి చూపించండి. అలా ఉంటే కొనలు కత్తిరిస్తారు, మళ్లీ పెరిగినప్పుడు మళ్లీ కత్తిరించాలి. ఇంట్లో కత్తెరతో ప్రయత్నించకండి, పీకించవద్దు కూడా. వెళ్లేటప్పుడు ఎర్లోటినిబ్ అట్ట వెంట తీసుకుపోండి. కంటి డాక్టరుకు మందు పేరు తెలిస్తే సగం పని అయినట్లే.